సోమవారం ఒక గడి జరిగే చక్రం

బుధవారం. పొద్దున్నుంచీ ముసురు. ప్రార్థన వరండాలోనే అయింది. మూడో పీరియడ్ ఖాళీ కావడంతో అట్ట, కత్తెర, పాత చొక్కా గుండీలు ముందేసుకుని జపాన్ బడుల్లో చాలా తరగతుల గోడల మీద కనిపించే పని వంతుల చక్రం తయారుచేయడానికి కూర్చున్నాను. ఇక్కడ బల్ల ముందు అట్ట కత్తిరిస్తున్నా, మనసంతా అక్కడి తరగతి గదిలోనే.

అక్కడ దాన్ని తోబాన్ పట్టిక అంటారు. తోబాన్ అంటే వంతు. తరగతిని ఐదారుగురు పిల్లల చొప్పున జట్లు చేస్తారు, ఒక్కో జట్టు ఒక ‘హాన్’. ఒకదాని మీద ఒకటి రెండు అట్ట వృత్తాలు ఉంటాయి. వెలుపలి దాని మీద పనులు, లోపలి దాని మీద జట్లు. సోమవారం పొద్దున లోపలి వృత్తాన్ని ఒక గడి జరుపుతారు. అంతే, ఇక ఎవరితోనూ వాదన ఉండదు.

చేయడం సులువే. 30 సెంటీమీటర్ల వెడల్పుతో ఒకటి, 20 సెంటీమీటర్లతో ఒకటి కత్తిరించాలి. ఆరు భాగాలకి కోణమానిని అక్కర్లేదు. వృత్తం గీసిన కొలత మార్చకుండా అదే వృత్తలేఖినితో అంచు మీద ఆరు గుర్తులు పెడితే సరిగ్గా ఆరు భాగాలవుతాయి, పిల్లలకి రేఖాగణితమూ అయిపోతుంది. నడిమధ్య బెజ్జం పెట్టేముందు రెండు వైపులా సెల్లో టేపు అంటించాలి. లేకపోతే నెలకే బెజ్జం సాగి లోపలి వృత్తం కిందికి జారుతుంది, ఏ జట్టు ఏ పనికి ఎదురుగా ఉందో తెలియదు. ముందొక గుండీ, వెనకొక గుండీ పెట్టి దారంతో కుట్టేస్తే గట్టిగా తిరుగుతుంది. ఎటు తిప్పాలో బాణం గీయడం మరిచిపోకూడదు. ఒక వారం వెనక్కి తిప్పితే పోయినవారానికి ముందు వారం మెట్లు ఊడ్చినవాళ్లకే మళ్లీ మెట్లు పడతాయి. జట్లెన్నో పనులూ అన్నే ఉండాలి. ఐదు పనులకి ఆరు జట్లుంటే ఒక జట్టు వారమంతా కిటికీ దగ్గర కబుర్లు చెబుతుంది.

అన్నిట్లోకీ వడ్డన వంతంటే అక్కడి పిల్లలకి మహా ఇష్టం. నాలుగో పీరియడ్ అవగానే ఆ జట్టు చేతులు కడుక్కుని తెల్ల కోటు, టోపీ, మాస్కు వేసుకుంటుంది. అన్నం డబ్బా, సూప్ తపేలా, పాలు తెచ్చుకుని తరగతిలోనే వడ్డిస్తుంది. టీచరు కూడా అదే భోజనం, అక్కడే, పిల్లల మధ్య కూర్చుని తింటారు. పాలు మనిషికి 200 మిల్లీలీటర్లు. గరిటె పట్టడంలో కొంత నేర్పు ఉంది. సూప్‌ని అడుగు నుంచి కలిపి తీయాలి. పైపైన తీస్తే మొదటి పదిమందికి నీళ్లు, చివరి పదిమందికి ముక్కలు. మన సాంబారుకీ ఇదే సూత్రం. ముందు అందరికీ కాస్త తక్కువే వేస్తారు. తినలేననుకున్న పిల్లలు మొదలుపెట్టకముందే కొంత తీసి తిరిగి తపేలాలో వేసేస్తారు. మిగిలింది ‘ఒకావరి’, అంటే మారు వడ్డన. పోటీపడేవాళ్లు ఎక్కువైతే రాయి-కాగితం-కత్తెర వేసుకుని తేల్చుకుంటారు. శుక్రవారం ఆ జట్టు తెల్ల కోట్లు ఇంటికి పట్టుకెళ్లి, ఉతికి ఇస్త్రీ చేయించి సోమవారం తర్వాతి జట్టుకి అప్పగించాలి. ఈ వ్యవహారం మొత్తంలో తేలిగ్గా తప్పిపోయేది ఇదే!

పిల్లలు గరిటె పట్టకముందు పెద్దల జాగ్రత్తలు రెండుంటాయి. ప్రధానోపాధ్యాయులు ముందుగా రుచి చూస్తారు. వంటగదిలో ప్రతి పదార్థంలోంచి 50 గ్రాములు తీసి మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు దాచిపెడతారు, ఎవరికైనా తేడా చేస్తే పరీక్షకి పనికొస్తుందని.

ఈ బడి భోజనం 1889లో యమగత ప్రాంతంలోని త్సురుఓకాలో, గుడి ఆవరణలో నడిచిన ఒక బడిలో మొదలైంది. అన్నం తెచ్చుకోలేని పిల్లలకి బౌద్ధ భిక్షువులు అన్నం ముద్దలు, ఉప్పు చేప, ఊరగాయ పెట్టారు. దానికి 1954లో చట్టం వచ్చింది. యుద్ధం తర్వాత చాలా ఏళ్లు రొట్టే పెట్టారు, అధికారికంగా అన్నం చేరింది 1976లోనే. ఆ భిక్షువుల సంగతి విన్నప్పుడల్లా లంకల గన్నవరంలో వచ్చినవాళ్లందరికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారే గుర్తొస్తారు. ఇప్పుడు మన బడి భోజనానికి ఆవిడ పేరే. తినేముందు జపాన్ పిల్లలు చేతులు జోడించి ‘ఇతదకిమాస్’ అంటారు, వినయంగా స్వీకరిస్తున్నానని. తిన్నాక ‘గోచిసోసమా’. ఈ రెండోదానికి మన ‘అన్నదాతా సుఖీభవ’ కంటే దగ్గర మాట దొరకదు.

శుభ్రం చేయడానికి పదిహేను ఇరవై నిమిషాలు. కుర్చీలు బల్లలమీద బోర్లించి, బల్లలన్నీ గది వెనక్కి నెడతారు. ముందు సగం ఊడ్చి, ‘జోకిన్’తో తుడిచి, బల్లల్ని ముందుకి లాగి వెనక సగం చేస్తారు. జోకిన్ అంటే పాత తువ్వాలు మడిచి అడ్డదిడ్డంగా కుట్టిన తుడుపుగుడ్డ. ఊడ్చకుండా తుడిస్తే దుమ్ము బురదై నేలకి పట్టుకుంటుంది. సరిగా పిండకపోతే చెక్క నేల జారుతుంది.

‘జపాన్ బడుల్లో స్వీపర్లే ఉండరు’ అని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం నిజం కాదు. మరమ్మతులకీ ఆవరణ పనులకీ సిబ్బంది ఉంటారు. పిల్లలది చదువులో భాగం, జీతం మిగుల్చుకునే ఉపాయం కాదు.

మన బడికి తెచ్చేటప్పుడు రెండు చోట్ల చేయి ఆగింది. మరుగుదొడ్లు చక్రంలో రాయలేదు. అక్కడ చాలా బడుల్లో ఆ వంతూ పిల్లలదే. ఇక్కడ ఆ పని ఏ పిల్లలకి చెప్పేవారో ఊరందరికీ తెలుసు. పైగా చేతొడుగులు లేవు, కుళాయి వచ్చినప్పుడే నీళ్లు. రెండోది, మన దగ్గర ఊడ్చడం శిక్ష. ఆలస్యంగా వచ్చావా, చీపురు పట్టు. చక్రం గోడకెక్కిన రోజు నుంచి చీపురుతో శిక్ష మానేయకపోతే, మొదటి ర్యాంకు పిల్లాడి వంతు వచ్చినప్పుడు వాడి నాన్న బడికి రాక మానడు. జట్టులోనూ మంచి స్నేహితుల్ని ఒకచోట వేయకూడదు, పని మాటల్లో పోతుంది.

ఏడో తరగతిలో 28 మంది. నాలుగు జట్లకి ఐదుగురు చొప్పున, రెండింటికి నలుగురు చొప్పున వేశాను. చీపుర్లు నాలుగే ఉన్నాయి, అందుకని ఆరో గడిలో మొక్కలకి నీళ్లు రాశాను. ఈ ముసురులో దానికీ పని లేదు. గరిటె మొదట మూడో జట్టుకి.