గాంధారం తగ్గిందన్న యాప్

ఆదివారం. పొద్దున్నుంచీ ఒకటే ఉక్క. విశాఖలో గాలి ఇలా తడితడిగా ఉంటే వయొలిన్ బిరడాలు బిగుసుకుపోతాయి. పిల్లల వాయిద్యాలన్నీ శ్రుతి చేసేసరికే మొదటి క్లాసులో పావుగంట పోయింది.

పదింటికి బ్యాంకు కుర్రాడు వచ్చారు. కుర్రాడు అంటున్నాను గానీ ముప్పై దాటాయి. ఈ మధ్య తెల్లవారుజామున అయిదింటికి లేస్తున్నారట, చన్నీళ్ళ స్నానమట, అలవాట్లు లెక్కపెట్టే యాప్ ఒకటట. ఫోన్ తీసి చూపించారు. వయొలిన్ పేరు ఎదురుగా వరసగా పచ్చ టిక్కులు. "ఒక్కరోజు కూడా తప్పలేదు టీచర్ గారూ" అన్నారు. ముచ్చటేసింది. "అయితే ఒకటో సరళి మూడు కాలాల్లో వాయించండి" అన్నాను. సరళి అంటే స రి గ మ లతో మొదట నేర్పే వరుస, కాలమంటే వేగం.

మొదటి రెండు కాలాలూ గడిచాయి. మూడో కాలంలో నేను వేస్తున్న తాళం ఒక దారి, ఆయన స్వరాలు ఒక దారి. అక్షరానికి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. వేసే తాళం మాత్రం మారకూడదు. చాలామందికి తిప్పలు ఇక్కడే. మొదటి కాలంలో విసుగొచ్చి తోసేస్తారు, మూడో కాలంలో వేళ్ళు ఆడక సాగదీస్తారు. పచ్చ టిక్కుకి ఇవేమీ పట్టవు. మనిషి కూర్చున్నాడా లేదా, అంతవరకే దాని లెక్క.

"ఈ వరుసలు ఇంకా ఎన్నాళ్ళండీ? ఆన్‌లైన్‌లో ఒకాయన నెలరోజుల్లో పది సినిమా పాటలు నేర్పేస్తున్నాడు" అన్నారు చివరికి, కాస్త మొహమాటంగానే. నాకు కోపమేమీ రాలేదు. పాట వాయించాలని లేకపోతే వయొలిన్ కొనడం ఎందుకు? కానీ రిషభం ఎక్కడుందో తెలియని వేలికి పది పాటలు నేర్పితే, పది పాటల్లోనూ రిషభం తప్పుతుంది.

మొదటి పాఠాలకి మాయామాళవగౌళనే పెట్టడం పురందరదాసు చేసిన ఏర్పాటని సంప్రదాయం చెబుతుంది. ఎవరు పెట్టినా, వయొలిన్ పట్టుకున్నవాళ్ళకి అది పెద్ద మేలు. మన వాయిద్యం తీగలకి స ప స ప అని శ్రుతి చేస్తాం. ఈ రాగంలో షడ్జం తీగ మీద స రి గ మ కి వేళ్ళు ఎక్కడ పడతాయో, పక్కనున్న పంచమం తీగ మీద ప ద ని స కి సరిగ్గా అక్కడే పడతాయి. షడ్జాన్ని ఆనుకుని రిషభం, అక్కణ్ణుంచి దూరంగా గాంధారం, దాని పక్కనే మధ్యమం. దగ్గరా, దూరమూ రెండూ ఒక్క రాగంలోనే వేలికి అలవాటవుతాయి. ఈ మాట చెప్పి రెండు తీగల మీదా వాయించి చూపిస్తే, ఆయన కమాను పక్కన పెట్టి నా వేళ్ళకేసే చూశారు.

అసలు తమాషా ఆ తర్వాత. శ్రుతి చూసే యాప్ ఒకటి కొత్తగా వేసుకున్నారు. నేను గాంధారం పట్టి నిలబెడితే అది "తక్కువ" అని ఎర్రగా చూపించింది. పాపం, నాకు చెప్పడానికి ఇబ్బంది పడ్డారు. తంబురా శ్రుతి పెట్టి మళ్ళీ వినమన్నాను. మంద్ర షడ్జం తీగ మోగుతున్నప్పుడు చెవి పెడితే అందులోంచే అంతర గాంధారం, అంటే ఈ రాగంలోని గాంధారమే, సన్నగా వినిపిస్తుంది. నా గాంధారం దానిలో కలిసిపోయింది. షడ్జం 240 హెర్ట్జ్ అనుకుంటే ఈ గాంధారం 300. కీబోర్డు గాంధారమైతే 302 దాటుతుంది. యాప్ కొలిచింది కీబోర్డు లెక్కతో! బ్యాంకు మనిషి కదా, ఈ అంకెలు ఇట్టే పట్టేశారు. చెవికి పట్టడానికి మాత్రం ఇంకా టైమ్ పడుతుంది.

యాప్‌లంటే నాకు పగేమీ లేదు. ఆ తంబురా కూడా ఫోన్లోదే. అది పక్కన మోగుతూ ఉంటుంది, వినే పని మనకే వదిలేస్తుంది. ఇంకోటి మన బదులు తానే వినేస్తానంటుంది. నా పేచీ దానితోనే.

మధ్యాహ్నం క్లాసులో తొమ్మిదేళ్ళ పాప జంట స్వరాలు, అంటే ఒక్కో స్వరం రెండేసి సార్లు, వాయిస్తుంటే వాళ్ళమ్మ గారు, "దీనికి ఇంకా గీతం మొదలుపెట్టలేదేంటండీ, పక్కింటి పిల్ల అప్పుడే వర్ణం వాయిస్తోంది" అన్నారు. ఏం చెప్పను? జంటలో రెండో స్వరం మీద పడే ఒత్తిడి ఈ పిల్లకి ఇప్పుడిప్పుడే కుదురుతోంది. రేపు గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, రావాలంటే ఆ బలం కావాలి. పాపకి ఈ గొడవేం పట్టలేదు, తన మానాన తాను వాయించుకుపోతోంది.

మా గురువుగారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పి, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. కచేరీ ఉన్నరోజు పొద్దున మా గురువుగారు కీర్తనల జోలికే వెళ్ళేవారు కాదు. స్వరానికి ఒక నిండు కమాను చొప్పున ఈ సరళి వరుసలే, ఒకటో కాలంలో. చిన్నప్పుడు నాకది చాదస్తంలా అనిపించేది. ఇప్పుడు ఇంట్లో నా సాధకం విని మా అబ్బాయి అదే మాట అంటున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక బ్యాంకు కుర్రాడి నుంచి వాట్సాప్, జంటల తర్వాత వచ్చే తాళాల వరుసలైన అలంకారాల గురించి: "టీచర్ గారూ, ఏడు అలంకారాల్లో ముఖ్యమైనవి ఏవో చెబితే, ముందు అవి పూర్తిచేసేస్తాను."

ఏడూ, అని పంపించాను.