చౌమహల్లాలో పనోరమా: అతుకులు కనపడకుండా

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ (దర్బారు భవనం) ముందున్న కొలను అంచు నుంచి పనోరమాకి, అంటే వరసగా తీసిన ఫోటోలను అతికించి చేసే ఒక్క వెడల్పాటి ఫోటోకి, మంచి కోణం దొరుకుతుంది. శుక్రవారం సెలవు. ట్రైపాడ్‌కి అనుమతి ఉందో లేదో టికెట్ దగ్గరే అడగండి.

కెమెరాని నిలువుగా పట్టుకోండి, పైకప్పు మీది గుమ్మటాలు తెగవు. లెన్స్ 35 నుంచి 50 మి.మీ. మధ్య చాలు. మరీ వైడ్ పెడితే అంచులు సాగి అతుకులు కుదరవు. మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100 పెట్టి, షట్టర్‌ని ఎండపడే తెల్ల గోడను చూసి సెట్ చేయండి. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫ్రేమ్ ఒక్కో వెలుగులో వచ్చి ఆకాశం చారలు పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఫోకస్ కూడా లాక్ చేయాలి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, లేకపోతే ఆకాశం నీలం ఒకచోట ముదురుగా, ఇంకోచోట పాలిపోయి వస్తుంది.

ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మూడోవంతు కలవాలి. అసలు తంటా స్తంభాలతో. ఒంటిని తిప్పితే లెన్స్ పక్కకి జరిగి, దగ్గరి స్తంభం వెనకున్న ఆర్చి ప్రతి ఫ్రేమ్‌లో చోటు మారుతుంది, అతికాక స్తంభం రెండుగా చీలుతుంది. లెన్స్ ఉన్నచోటే ఉంచి, దాని చుట్టూ మీరే తిరగండి. లేదా స్తంభాలకి నాలుగడుగులు వెనక్కి జరగండి.

ఫోటోలు అతికించే హగిన్ సాఫ్ట్‌వేర్‌లో సిలిండ్రికల్ (గొట్టం మీద పరిచినట్టు చూపే) పద్ధతి ఎంచుకుంటే మెట్లు విల్లులా వంగుతాయి. వెడల్పు 100 డిగ్రీల లోపుంటే గీతలను నిటారుగా ఉంచే రెక్టిలీనియర్ మేలు. దర్బారు హాల్లో షాండ్లియర్లు తెల్లగా మాడిపోకుండా ప్రతి ఫ్రేమ్‌నీ మూడు ఎక్స్‌పోజర్లలో (తక్కువ, మధ్యస్థం, ఎక్కువ వెలుగులో) తీసి, తర్వాత కలపండి. ఫోన్ పనోరమా అక్కడ దండగ, నడిచే సందర్శకులు సగం సగం తెగిపోతారు.