నేలటూరు దారిలో
తెల్లవారుజామున నాలుగింటికి నెల్లూరులో బండి తీసి ముత్తుకూరు వైపు వెళ్లాం. చీకట్లో రొయ్యల గుంటలు కనిపించవు గానీ నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల చప్పుడు వినిపిస్తుంది. అవి గట్టిగా తిరగాల్సింది ఈ వేళలోనే. పగలు ఎండకు నీళ్లలోని ప్లాంక్టన్ అనే సన్నటి నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యలతో పాటు పీలుస్తుంది. తెల్లారేముందు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) అడుగంటుతుంది. అప్పుడు కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే రొయ్య పైకి తేలిపోతుంది. రెండు హెచ్‌పీ ఏరేటర్లు పది, పది గంటలు తిరిగితే సుమారు 150 యూనిట్లు. ఆ కరెంటు బొగ్గుతో పుట్టిందైతే, యూనిట్‌కి 650 గ్రాముల లెక్కన దాదాపు క్వింటాలు బొగ్గు. ఆ వేళకి సోలారు పలకలు గట్టు మీదే ఉన్నా అక్కరకు రావు.

తెల్లారేసరికి నేలటూరు. దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో కరెంటు పుట్టించే 800 మెగావాట్ల యూనిట్లు మూడు. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు రైల్లో పారాదీప్‌కి, అక్కణ్ణుంచి ఓడలో కృష్ణపట్నం రేవుకి వస్తుంది. పూర్తి లోడులో ఒక్క యూనిట్‌కే గంటకి 500 టన్నుల పైన కావాలి. మూడూ నడిస్తే 70 వేల టన్నుల ఓడ రెండు రోజులకు చాలదు.

తెచ్చుకున్నాకే అసలు తిప్పలు. యార్డులో కుప్ప వదులుగా ఉంటే గాలి దూరి బొగ్గు తనంతట తానే రాజుకుంటుంది. అందుకే డోజర్లతో తొక్కిస్తారు, పాతదాన్ని ముందు వాడతారు. మన వైపు వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా, అప్పుడు తడిసిన బొగ్గు నుసి బంకరు (బాయిలర్‌కి ముందు బొగ్గు నిలవుండే తొట్టి) గోడలకు అట్టకడుతుంది. థర్మల్ కేంద్రాల్లో బంకరు కింది చూట్లు (బొగ్గు జారే గొట్టాలు) చూడండి, అట్టకట్టింది రాలాలని కొట్టిన సుత్తి దెబ్బల సొట్టలుంటాయి. బొగ్గు అందించే ఫీడరు ఖాళీగా తిరిగిందా, బాయిలర్లో మంట ఊగుతుంది, దాన్ని నిలబెట్టడానికి ఆయిల్ చిమ్మి మండించే గన్లు వేయాలి. ఆ ఆయిల్ ఖర్చు బొగ్గు కంటే చాలా ఎక్కువ. ఇక దేశీ బొగ్గులో మూడో వంతు బూడిదే. ఎక్కువ భాగం పొగలోంచి ఈఎస్‌పీ (కరెంటుతో బూడిదను పట్టే యంత్రం) పట్టేస్తుంది, బల్కర్లలో (మూసిన ట్యాంకరు లారీల్లో) సిమెంటుకీ ఇటుకలకీ పోతుంది. బరువైనది బాయిలర్ అడుగున పడుతుంది.

దేశంలో స్థాపిత సామర్థ్యం, అంటే ప్లాంట్లన్నీ కలిపి ఇవ్వగలిగింది చూస్తే బొగ్గు సగం లోపే. పుట్టే కరెంటు చూస్తే నాలుగు యూనిట్లలో దాదాపు మూడు దానివే. ఈ తేడా మధ్యాహ్నం తెలుస్తుంది. సోలారు పొంగగానే బొగ్గు యూనిట్లను 55 శాతానికి, అంటే 800లో 440కి దించమంటారు. ఆపేయొచ్చుగా అంటారా? చల్లారిన బాయిలర్‌ను, టర్బైన్ మందపు లోహాన్ని మెల్లగా వేడెక్కించాలి, తొందరపడితే పగుళ్లు. గంటల పని, మళ్లీ ఆయిలు. సోలారు తగ్గే సాయంత్రానికి దాన్ని సిద్ధంగా ఉంచడమే నయం. నిమిషానికి 8 మెగావాట్ల చొప్పున ఎక్కినా 440 నుంచి 800కి 45 నిమిషాలు.

పొద్దు వాలాక అదే దారిన తిరిగొచ్చాం. గుంటల దగ్గర స్టార్టర్లు ఒకటొకటిగా నొక్కుతున్నారు. అన్నీ ఒక్కసారే వేస్తే మోటార్లు మొదట్లో లాగే కరెంటుకి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు కొట్టేస్తుంది.