లక్ష మైళ్ల బండి

అమ్మానాన్న వస్తున్నారు, పిల్లలకి రెండు కార్ సీట్లు. మినీవ్యాన్ తప్పదని తేలిపోయింది. ఇక్కడ డల్లాస్‌లో ఒక పాత హోండా ఓడిస్సీ నచ్చింది. లక్ష మైళ్లకి దగ్గర పడింది. అంటే 1,60,000 కిలోమీటర్లు! "అంత తిరిగిన బండెందుకురా?" అని నాన్న ఫోన్‌లో ఒకటే గోల.

నా టెన్షన్ వేరు. దాని వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్‌కి ఉండేది టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లయలో నడిపే రబ్బరు బెల్ట్. దాదాపు లక్ష మైళ్లకి మార్చాలి. నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజనే పోవచ్చు. ఎలాగూ విప్పుతారు కాబట్టి వాటర్ పంపు, బెల్ట్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా అప్పుడే మార్పించేయాలి. అదే 2007 నుంచి వచ్చిన టొయోటా మినీవ్యాన్ సియెన్నా వీ6 అయితే బెల్ట్ బదులు లోహపు చైన్, ఈ గొడవ లేదు. కానీ నేను చూసినవన్నీ రేటు ఎక్కువ.

బండి అమ్మే అతన్ని బెల్ట్ మార్చిన రసీదు అడిగితే, "టైర్లు కొత్తవి సార్" అన్నాడు. కుడివైపు పవర్ డోర్ బటన్ నొక్కితే సగం దాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయింది. పిల్లలున్న ఇంట్లో ఆ డోర్ రోజుకి ఎన్నిసార్లు వాడతామో తెలిసిందే కదా!

బెల్ట్, డోర్ ఖర్చు కలిపితే సియెన్నాతో తేడా పెద్దగా మిగల్లేదు. ఆ ఖర్చంతా ధరలో తగ్గిస్తేనే తీసుకుంటానని చెప్పి వచ్చేశా.