ఎనిమిదింటి బుడిపె: ఇంటి వాతావరణ స్టేషన్ లెక్కలతో నా అనుభవం

ఇంట్లో వాతావరణ స్టేషన్ పెట్టుకున్నవాళ్లకు ముందుగా పట్టుకునే జబ్బు గ్రాఫ్ చూడటం. నాకూ పట్టుకుంది. ఉష్ణోగ్రత గీత తెల్లవారుజామున అడుక్కి దిగుతుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు పైకెక్కుతుంది, సాయంత్రం నుంచి మెల్లగా జారుతుంది. మబ్బు లేని రోజుల్లో ఎప్పుడు చూసినా ఇదే వరస. నా గ్రాఫ్‌లో మాత్రం ఉదయం ఎనిమిది దాటాక ఒక బుడిపె వచ్చేది. 24 దగ్గర ఉన్న గీత ఉన్నట్టుండి 28 దాకా లేచేది. పావుగంట తర్వాత మళ్లీ 25కి దిగి, ఏమీ ఎరగనట్టు మామూలు దారిలో నడిచేది.

సెన్సార్ పోయిందేమో, మార్చి చూడమన్నారు తెలిసినవాళ్లు. నాకు ఆ మాట రుచించలేదు. పాడైన సెన్సార్ వేళ చూసుకుని పాడవదు. రోజూ దాదాపు ఒకే వేళకు వచ్చి పోతోందంటే బయట ఏదో దాన్ని వేడెక్కిస్తోందన్నమాట. అసలు ఏ థర్మామీటరైనా చెప్పేది తన ఒంటి వేడి ఎంతో. అది గాలి వేడితో సమానంగా ఉందా లేదా అన్నది మనం పెట్టే చోటును బట్టి ఉంటుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే వింత రీడింగుల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

కాబట్టి కారణం వెతికే ముందు గ్రాఫులన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూశాను. మూడు విషయాలు కనిపించాయి. మబ్బు పట్టిన రోజున బుడిపె లేదు. గాలి బాగా వీచిన రోజున ఉంది కానీ పొట్టిది. వారాలు గడిచేకొద్దీ అది వచ్చే వేళ కొంచెం కొంచెం జరుగుతోంది. ఈ మూడూ కలిస్తే ఒకటే పేరు చెబుతాయి: ఎండ. గడియారానికి కట్టుబడి నడిచే మోటారో, యంత్రమో అయితే రుతువుతో పాటు వేళ మార్చుకోదు. సూర్యుడు మారుస్తాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ వేళకు నా సెన్సార్ మీద ఎండ పడదు. మెట్ల గది నీడ తొమ్మిదిన్నర దాకా దాని మీదే ఉంటుంది. పైగా సెన్సార్ ఊరికే బయట లేదు. ఒకదాని కింద ఒకటి పేర్చిన తెల్లటి ప్లాస్టిక్ ప్లేట్ల గొడుగులో ఉంది. రేడియేషన్ షీల్డ్ అంటారు దాన్ని. ఎండను, వానను ఆపి, గాలిని మాత్రం లోపలికి వదలడం దాని పని. ఈ ఆలోచన పాతదే. లైట్‌హౌస్‌లు కట్టిన స్కాట్లాండ్ ఇంజినీరు థామస్ స్టీవెన్సన్ 19వ శతాబ్దంలో తయారుచేసిన తెల్ల చెక్కపెట్టె, ఏటవాలు రెక్కల గోడలతో, వాతావరణ కేంద్రాల్లో ఇప్పటికీ నిలబడి ఉంది. మన ప్లాస్టిక్ ప్లేట్లు దాని చిన్న తమ్ముళ్లు.

ఇంకో చిక్కు: బాగా ఎండ కాసిన రోజుల్లోనూ కొన్నిసార్లు బుడిపె రాలేదు. ఇదే నన్ను ఎక్కువ తికమక పెట్టింది. చివరికి ఎనిమిది కాకముందే డాబా ఎక్కి, షీల్డ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కాసేపటికి షీల్డ్ పడమటి వైపు అంచున ఒక వెలుగు పట్టీ కనిపించింది. సూర్యుడు తూర్పున ఉంటే వెలుగు పడమర నుంచి వస్తోంది! పట్టీ ప్లేట్ల మీద మెల్లగా పాకి, రెండు ప్లేట్ల మధ్య సందులో దూరింది. వంగి చూస్తే లోపలున్న సెన్సార్ మూత తళతళలాడుతోంది. తల తిప్పితే ఎదుటి భవనంలో, మా డాబా ఎత్తులోనే, ఒక కిటికీ. అద్దంలా మెరిసే పూత వేసిన గాజు. పైన బందులుండి, కింది అంచు బయటికి తెరుచుకునే రకం.

కీలకం ఆ తెరుచుకోవడంలోనే ఉంది. నిటారుగా ఉన్న గాజు మీద పడిన ఎండ, పైనుంచి వచ్చిన కోణంలోనే కిందికి, వీధిలోకి పోతుంది. కింది అంచు బయటికి నెట్టి తెరిస్తే గాజు ముఖం కాస్త ఆకాశం వైపు తిరుగుతుంది. గాజు ఎంత వంగితే వెలుగు దానికి రెట్టింపు పైకి లేస్తుంది. 25 డిగ్రీల కోణంలో దిగే ఎండ, గాజు 12 డిగ్రీలు వంగితే దాదాపు అడ్డంగా వచ్చేస్తుంది. షీల్డ్ ప్లేట్లు పైనుంచి పడే ఎండను ఆపడానికి వంచినవి. అడ్డంగా వచ్చే వెలుగుకు సందులు బార్లా తెరిచిన తలుపులే. ఎండ ఉన్నా బుడిపె లేని రోజుల గుట్టు కూడా ఇదే. ఆ రోజుల్లో ఎదుటివాళ్లు కిటికీ తెరవలేదు.

పావుగంట ఎందుకో కూడా అక్కడే లెక్క తేలింది. కిటికీ సుమారు మీటరు వెడల్పు, దూరం పదిహేను మీటర్లు. అంటే షీల్డ్ దగ్గర నుంచి చూస్తే అది నాలుగు డిగ్రీల మేర కనిపిస్తుంది. సూర్యుడు ఒక డిగ్రీ కదలడానికి నాలుగు నిమిషాలు. నాలుగు నాలుగులు పదహారు. గ్రాఫ్‌లో బుడిపె వెడల్పు దాదాపు అంతే ఉంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం పక్కవాళ్లకు చెప్పినా అర్థం కాదు. చెప్పాను, అర్థం కాలేదు.

ఎదుటివాళ్ల కిటికీ మూయించలేం కదా. షీల్డ్ ఉన్న స్తంభాన్ని ఆ కిటికీ కనిపించని మూలకు మార్చాను. సెన్సార్ ఉండే చోట కన్ను పెట్టి చుట్టూ చూడాలి. గాజు, రేకు, మెరిసే ట్యాంకు, తెల్ల గోడ ఏది కంటపడినా అది ఏదో ఒక వేళ సెన్సార్‌కూ కంటపడుతుంది. కొత్త చోటు ఎంచుకున్నది ఆ పద్ధతిలోనే.

బుడిపె పోయింది. మిగతా వింతలు అప్పుడు బయటపడ్డాయి. మధ్యాహ్నం రీడింగ్ ఎప్పుడూ కాస్త ఎక్కువగానే ఉన్నట్టు అనిపించేది. అనిపించడం వేరు, తేల్చుకోవడం వేరు. పాత కంప్యూటర్లోంచి తీసిన 12 వోల్టుల చిన్న ఫ్యాన్‌ను షీల్డ్ అడుగున బిగించాను. ఇది గాలిని సెన్సార్ మీదికి ఊదకూడదు, పైనుంచి లాగి కిందికి వదలాలి. ఊదేలా పెడితే మోటారు వేడి కూడా సెన్సార్‌కే తగులుతుంది.

గాలి లేని ఎర్రటి ఎండలో ఫ్యాన్ వేశాను. రీడింగ్ అలా చూస్తుండగానే దిగడం మొదలుపెట్టి, దాదాపు రెండు డిగ్రీలు తగ్గి ఆగింది. ఫ్యాన్ గాలిని చల్లబరచదు. గాలి వేడి మారకుండా రీడింగ్ మాత్రమే తగ్గిందంటే, ఆ రెండు డిగ్రీలూ గాలివి కావు, ఎండకు కాగిన షీల్డ్‌వి. తెల్ల రంగు వేసిన డాబా నేల కూడా అందులో భాగస్వామే. నేల మీద పడిన వెలుగు పైకి లేచి ప్లేట్ల అడుగుభాగం నుంచి లోపలికి పోతుంది. మంచు కప్పిన నేల మీద ఇలాంటి షీల్డులు పగటిపూట ఎక్కువ చూపించడానికి కూడా కారణం ఇదే.

ఇంతవరకు ఊహించిందే. రాత్రి అదే పని చేస్తే జరిగింది మాత్రం ఊహించలేదు. మబ్బు, గాలి రెండూ లేని రాత్రి ఫ్యాన్ వేస్తే రీడింగ్ అర డిగ్రీ పెరిగింది! మొదట మోటారు వేడేమో అనుకున్నాను కానీ, ఆ వేడి సెన్సార్‌ను దాటి కిందికి పోయే గాలితోనే పోతుంది. సంగతేమిటంటే, నిర్మలమైన ఆకాశం కింద షీల్డ్ తన వేడిని ఆకాశంలోకి వదులుకుంటూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా అయిపోతుంది. లోపల సెన్సార్ కూడా దాని దారే పడుతుంది. గాలి ఆడితే మళ్లీ గాలి వేడికి వస్తుంది. అంటే ఫ్యాన్ లేని షీల్డ్ పగటి గరిష్ఠాన్ని పెంచుతుంది, రాత్రి కనిష్ఠాన్ని తగ్గిస్తుంది. రెండు వైపులా సాగదీస్తుంది. సెన్సార్‌కి ఒకే అంకె కూడడమో తీసేయడమో చేసి సరిదిద్దుకుంటే సరిపోదని అప్పుడు తెలిసింది. రీడింగులు చూపించే కన్సోళ్లలో చాలావాటికి అలా ఒకే అంకె కలిపే ఆఫ్‌సెట్ మీట ఉంటుంది. అందుకే దాన్ని ముట్టుకోలేదు.

రాత్రిళ్లు ఇంకోటి కూడా జరుగుతుంది, కానీ అది తప్పు కాదు. నిలకడగా దిగుతున్న గీత అర్ధరాత్రి దాటాక ఒక్కసారిగా డిగ్రీన్నర పైకి లేస్తుంది. మబ్బు వచ్చి కప్పిందన్నమాట, లేదంటే కాస్త గాలి లేచి పైపొరల్లోని వెచ్చని గాలిని కిందికి కలిపింది. అలాంటి రాత్రుల్లో నేల దగ్గరే చల్లన, పైకి పోయేకొద్దీ వెచ్చన.

వాన వెలిశాక వచ్చే వింతకు కారణం తేలికగానే దొరికింది. సెన్సార్ మూత తడిసి, ఆ తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుంటుంది. స్నానం చేసి తడి ఒంటితో ఫ్యాన్ కింద నిలబడితే చలేసినట్టే. ఎండ వచ్చి తేమ శాతం తగ్గాల్సిన వేళ అది ఇంకా 100 దగ్గరే మొండికేసి, ఉష్ణోగ్రత కూడా తక్కువగా ఉంటే అనుమానించాల్సింది తడినే.

కొన్న స్టేషన్‌ను నమ్మాలా వద్దా తేల్చుకోవడానికి నేనే ఒక రెండో సెన్సార్ కట్టి పక్కన పెట్టాను. అది దాని సొంత తమాషాలు చూపించింది. అప్పుడప్పుడు ఠక్కున 85 డిగ్రీలు అనేది. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత చిప్ వాడినవాళ్లకు ఈ అంకె పాత చుట్టమే. కరెంటు అందగానే దాని జ్ఞాపకంలో ఉండే మొదటి విలువ అది. పూర్తి సూక్ష్మతతో కొలవడానికి దానికి 750 మిల్లీసెకన్ల దాకా కావాలి. ఆలోపే అడిగితే, లేదా మధ్యలో కరెంటు తడబడితే, ఆ 85నే అప్పజెబుతుంది. తీగ ఊడితే మాత్రం చిప్ నుంచి జవాబే రాదు. అప్పుడు ఎక్కువమంది వాడే ప్రోగ్రాం లైబ్రరీ మైనస్ 127 అని చూపిస్తుంది. గట్టిగా బిగించిన కనెక్టర్‌తో రెండూ పోయాయి.

తేమ కోసం పెట్టిన ఇంకో చిప్ ఎప్పుడూ డిగ్రీన్నర ఎక్కువ చూపించేది. పగలూ రాత్రీ, మబ్బూ ఎండా తేడా లేదు. కరెంటు తీసి అరగంట ఆగి మళ్లీ ఇస్తే, మొదటి రీడింగ్ సరిగ్గా ఉంటోంది, తర్వాత మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. అంటే బయటి వేడి కాదు, తన వేడే. అదే బోర్డు మీద వైఫై చిప్ నిరంతరం పనిచేస్తూ పక్కవాడిని కాల్చుతోంది. సెన్సార్‌ను చిన్న తీగతో దూరం జరిపి, బోర్డు ఐదు నిమిషాలకోసారి మాత్రమే నిద్రలేచేలా పెట్టాక దారికొచ్చింది.

డీఎస్18బీ20 ఉన్న, నీళ్లు చొరని ప్రోబ్‌ను మంచు ముక్కల నీళ్లలో కూడా పెట్టి చూశాను. మెత్తగా కొట్టిన మంచులో ఖాళీలు నిండేంత మాత్రమే నీళ్లు పోసి, కలుపుతూ ఉంటే సున్నా దగ్గర నిలవాలి. నాది 0.2 చూపించింది, ఆ చిప్‌కి కంపెనీ చెప్పే ప్లస్ ఆర్ మైనస్ 0.5 లోపే. తేమ సెన్సార్‌ను మాత్రం పొరపాటున కూడా ఇలా ముంచకండి.

ఇంత చేశాక కూడా ప్రభుత్వ కేంద్రం చెప్పే అంకెతో నాది కలవదు. కలవాల్సిన అవసరం కూడా లేదు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కన గాలి ఉష్ణోగ్రతను నేల నుంచి సుమారు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో కొలవాలి. కొలిచే చోట్లను అది ఐదు తరగతులుగా విడదీస్తుంది. మొదటి తరగతికి పొట్టి గడ్డి నేల కావాలి, వేడి పుట్టించేవి 100 మీటర్లకు మించిన దూరంలో ఉండాలి. ఐదో తరగతి చోటైతే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చని వాళ్లే ఒప్పుకుంటారు. కాంక్రీటు డాబా ఏ తరగతిలోకి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. నేను కొలిచేది మా డాబా మీది గాలిని, అంతే.

అన్నీ సర్దుకున్నాయనుకున్నాక, పిచ్చి అంకెలు వాటంతటవే తొలగిపోయేలా ప్రోగ్రాంలో ఒక వడపోత పెడదామనుకున్నాను. పది నిమిషాల్లో 4 డిగ్రీలకు మించి మారితే ఆ రీడింగ్ పారేయాలన్నది నియమం. రాసి, ఇంకా ఆన్ చేయలేదు. ఒక సాయంత్రం 36 దగ్గర ఉన్న రీడింగ్ పావుగంట లోపే 27కి పడింది. ఇదేం కొత్త గొడవ అనుకుని మిగతా గీతలు చూశాను. గాలి వేగం ఒక్కసారిగా పెరిగింది, దిక్కు మారింది, పీడనం ఒకటిన్నర హెక్టోపాస్కల్ పైకి దూకింది. దూరంగా కురుస్తున్న ఉరుముల వాన నుంచి చల్లగాలి నేలను రాసుకుంటూ ముందే వచ్చేసింది. సెన్సార్ వేడెక్కడం వల్లో తడవడం వల్లో వచ్చే వింతలు ఉష్ణోగ్రత గీతలో, మహా అయితే తేమ గీతలో, మాత్రమే ఉంటాయి. పీడనం వాటిని పట్టించుకోదు. నాలుగు గీతలూ ఒకే నిమిషంలో కదిలితే అది నిజం వాతావరణమే.

ఆ వడపోత ఆన్ అయి ఉంటే ఆ ఏడాది మొత్తంలో అన్నిటికంటే మంచి రికార్డును పారేసేది. ఇప్పుడు సరిగ్గా 85, సరిగ్గా మైనస్ 127 వచ్చినప్పుడు మాత్రమే ప్రోగ్రాం రీడింగ్ తీసేస్తుంది. మిగతా వింతలన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు దాచి, పక్కన ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తులున్న రోజులను తర్వాత తీరిగ్గా గాలి, పీడనం గీతలతో కలిపి నేనే చూసుకుంటాను.