స్టార్ట్ కాని సిస్టం: ఊదా వైరు దగ్గర దొరికిన లోపం

సిస్టం వివరాలు: హెచ్61 మదర్‌బోర్డు, రెండో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె). ఉన్న చోటు గార మండలం కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే ఊరు కాబట్టి ఉప్పుగాలి సంగతి మొదటి నుంచీ మనసులో పెట్టుకోవాలి. రాత్రి మామూలుగానే షట్‌డౌన్ అయింది. పొద్దున కరెంటు పోయి వచ్చాక బటన్ నొక్కితే ఫ్యాన్ కదల్లేదు, బీప్ లేదు.

మొదటి రోజు

ఖర్చు లేని అనుమానాలు ముందు తీరాలి. గోడ సాకెట్‌లో 228 వోల్టులు ఉంది. పవర్ కేబుల్ మార్చినా అంతే. కేబినెట్ బటన్ మీద అనుమానంతో ఫ్రంట్ ప్యానెల్ వైర్లు పీకి, బోర్డు మీది పవర్ స్విచ్ పిన్నులు రెండూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే కూడా చలనం లేదు.

తర్వాత 24 పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి ఊడదీసి, బోర్డు లేకుండానే ఎస్ఎంపీఎస్ ఆన్ అయ్యేలా ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ పేపర్ క్లిప్ పెట్టాం. ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగింది. పసుపు 12.1, ఎరుపు 5.05, నారింజ 3.33, ఊదా 4.92 వోల్టులు. ఉండాల్సినవి వరుసగా 12, 5, 3.3, 5. ఐదు శాతం అటూఇటూ ఉన్నా ఫర్వాలేదు గనక అన్నీ లెక్కలోనే ఉన్నాయి.

పవర్ సప్లై బాగుంది, బోర్డే పోయింది అని సాధారణంగా ఇక్కడే తేల్చేస్తారు. తొందరపాటు అది. ఇవన్నీ లోడ్ లేకుండా తీసిన రీడింగులు. ఎడ్లు కట్టని బండి బరువు లాగుతుందో లేదో చూసి చెప్పలేం కదా.

రెండో రోజు

కనెక్టర్‌ను మళ్లీ బోర్డుకు పెట్టి, మీటర్ ప్రోబ్‌ను వెనక వైపు నుంచి 9వ పిన్నులోకి, అంటే ఊదా వైరు పక్కగా దూర్చాం. 4.1 వోల్టులు. బటన్ నొక్కితే 3.4కి జారింది. 4.75 కన్నా తగ్గకూడదు. దొంగ దొరికాడు.

ఊదా వైరు స్టాండ్‌బై లైను. సిస్టం ఆపినా, గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఆ 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. బటన్ నొక్కిన సంగతి గ్రహించి ఆకుపచ్చ వైరు వోల్టేజీని సున్నాకు లాగి ఎస్ఎంపీఎస్‌ను ఆన్ చేయించే సర్క్యూట్‌కు ఆధారం ఇదే. ఇది చాలకపోతే మిగతా లైన్లు ఎంత బాగున్నా లాభం లేదు. రాత్రింబగళ్లు పనిచేస్తుంది గనక దీని కెపాసిటర్లే (విద్యుత్తును నిలవ ఉంచే భాగాలు) తరచుగా ముందు ఎండిపోతాయి.

బోర్డు మీద నెపం పడకుండా ఇంకో పరీక్ష: బోర్డు తీసేసి, ఊదాకీ నలుపుకీ మధ్య 10 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్ పెట్టాం. సుమారు అర ఆంపియర్ లోడ్. 3.9కి పడిపోయింది. రెసిస్టర్ కాలుతుంది, చేత్తో పట్టుకోవద్దు.

మూడో రోజు

ఎస్ఎంపీఎస్ మూత తీయడం సాల్డరింగ్ బాగా వచ్చినవాళ్ల పని. లోపలి పెద్ద కెపాసిటర్లలో 320 వోల్టుల దాకా డీసీ నిలవ ఉంటుంది. ప్లగ్ పీకి, పావుగంట ఆగి, మీటర్‌తో కొలిచి, దాదాపు సున్నా అని చూశాకే వేలు పెట్టాలి. చేత కాకపోతే ఎస్ఎంపీఎస్ మార్చేయడమే మంచిది.

స్టాండ్‌బై చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పక్కన 1000 మైక్రోఫారడ్, 10 వోల్టుల కెపాసిటర్లు రెండు. ఒకటి నెత్తి ఉబ్బింది, రెండోది చూడ్డానికి బాగానే ఉంది. రెండూ మార్చాం. శ్రీకాకుళం టౌన్‌లో టీవీ విడిభాగాల కొట్లో 105 డిగ్రీల వేడి తట్టుకునే లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకం అడగాలి, 85 డిగ్రీలది వద్దు. 10కి బదులు 16 వోల్టులది దొరికినా చోటు సరిపోతే చాలు. చార ఉన్న కాలు నెగటివ్.

ఇప్పుడు ఊదా వైరు లోడ్ లేకుండా 5.08, రెసిస్టర్‌తో 5.01.

నాలుగో రోజు

బోర్డు మళ్లీ తగిలించి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, డిస్‌ప్లే రాలేదు, ఆగి ఆగి పొడుగు బీప్. ర్యామ్ అంచుల బంగారు గీతల మీద పచ్చని చిలుము. రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్లాట్‌ను మెత్తని బ్రష్‌తో దులిపి, ముందు ఒక్క ర్యామే పెడితే తెర వెలిగింది. తర్వాత రెండోది.

బోర్డు మీద బయోస్ (సిస్టం లేవగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులను నిలిపే 3 వోల్టుల సీఆర్ 2032 సెల్ 2.4 వోల్టులే ఉంది, మార్చేశాం. అక్కడో చిక్కు: బయోస్ సెట్టింగులు మొదటికొచ్చి సాటా మోడ్ (హార్డ్ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి పాత పద్ధతి ఐడీఈకి మారింది, విండోస్ నీలి తెరతో ఆగింది. హార్డ్ డిస్క్ పోయిందని కంగారుపడి ఫార్మాట్ చేయకండి. మోడ్ వెనక్కి మారిస్తే మామూలుగా లేచింది.

కేబినెట్‌ను సముద్రం వైపు కిటికీ నుంచి లోపలి గోడకు జరిపాం. వారం తర్వాత, బోర్డు తగిలించి ఉండగానే, ఊదా వైరు 5.03.