గ్యాసు బావుల కౌంటీలో ఇల్లు వెతికి, కొన్న అనుభవం

2011 జూన్‌లో మా వారికి అమెరికాలో పెన్సిల్వేనియా ఉత్తర సరిహద్దున ఉన్న బ్రాడ్‌ఫర్డ్ కౌంటీలో, ఒక ఆస్పత్రిలో వైద్యుడిగా ఉద్యోగం వచ్చింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే కానీ మొత్తం జనాభా 62 వేలు, మన దగ్గర ఒక మండలంలో ఉండే జనం. కొండలు, పాడి ఆవుల కొట్టాలు, మధ్యలో సస్క్వెహానా నది. ఇలాంటి చోట అద్దె ఇల్లు దొరకడం ఎంతసేపు అనుకుని, ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని, నాలుగు సూట్‌కేసులతో దిగాం. మూడు వారాలు మోటెల్‌లో ఉండాల్సి వచ్చింది.

ఆ మోటెల్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే డీజిల్ బండ్లు మొదలయ్యేవి. తలుపు తీస్తే వరండా పొడవునా ప్రతి గది ముందూ ఒక జత బూట్లు, వాటి మీద చీలమండల దాకా ఎండిన బూడిదరంగు బురద. బండ్ల నంబర్లన్నీ టెక్సాస్‌వి, ఓక్లహామావి. రెండు వారాలు రాత్రీ పగలూ పనిచేసి, రెండు వారాలు సొంత ఊళ్లకు వెళ్లే కార్మికులు వాళ్లు. నా చేతిలో పాప ఏడుస్తుంటే, తన కూతురూ ఇంతే ఉంటుందని ఫోనులో ఫోటో చూపించిన కుర్రాడు ఇప్పటికీ గుర్తున్నాడు. ఇళ్ల కరువుకు వాళ్లను నిందించడం నాకు ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు.

ఆ కొండల కింద, మైలుకు పైగా లోతున, మార్సెలస్ అనే నల్లని షేల్ రాతి పొర ఉంది. ఆ పొరలోకి అడ్డంగా బావి తవ్వి, నీళ్లూ ఇసుకా విపరీతమైన ఒత్తిడితో పంపి రాతిని చీల్చితే గ్యాసు వస్తుంది. 2008 తరువాత ఈ పని ఊపందుకుంది. మేము వచ్చేసరికి రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ బావులు తవ్వుతున్న కౌంటీల్లో మాది ముందుంది. బావి తవ్వేటప్పుడు వందల మంది కావాలి. తవ్వకం అయిపోయి గ్యాసు రావడం మొదలయ్యాక, ఒక్క మనిషి బండిలో తిరుగుతూ పదుల బావులు చూసుకోగలడు. అందుకే ఆ జనం కోసం శాశ్వతంగా ఇళ్లు కట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఉన్న కొద్దిపాటి పాత ఇళ్ల కోసమే అందరూ పోటీ పడతారు.

మాకు చూపించిన రెండు పడక గదుల ఇంటికి 1,400 డాలర్లు అడిగారు. రెండేళ్ల కిందట అదే ఇంటికి 500 తీసుకున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. మరో ఇంటి యజమాని మొదట అడిగిన ప్రశ్న, “ఏ కంపెనీ?” అని. ఆస్పత్రి అని చెప్పగానే ఫోను పెట్టేశాడు. కంపెనీ అయితే ఇల్లంతా ఒకేసారి తీసుకుని, ఆరుగురిని పెట్టి, అడిగినంత ఇస్తుంది. మా పరిస్థితి నయం, జీతం ఉంది. మా వారి వార్డులో సహాయకురాలిగా పనిచేసే అమ్మాయిని నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. పదకొండేళ్లుగా ఉంటున్న ఇల్లు అది. ఇద్దరు పిల్లలతో, సరిహద్దు దాటి న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న అక్క ఇంటికి వెళ్లిపోయింది. నాకు ఆ ఊరి ఆర్థిక వ్యవస్థ అర్థమైంది ఆ రోజే: నేల ఉన్నవాడికి గ్యాసు సొమ్ము, అద్దెకున్నవాడికి గ్యాసు ఖర్చు.

చివరికి పొలంలో ఉన్న ఇంట్లో పై అంతస్తు ఇచ్చింది ఒక పెద్దావిడ. భర్త పోయాక ఆవులను అమ్మేసి, 120 ఎకరాలూ బీడుగా ఉంచుకుంది. 2006లో ఒక ల్యాండ్‌మన్, అంటే గ్యాసు కంపెనీల తరఫున లీజులు రాయించుకునే మనిషి, వచ్చి వంటింట్లో కూర్చుని, ఎకరానికి కొద్ది పదుల డాలర్లకు లీజు రాయించుకుని వెళ్లాడట. కొండకు అవతలివైపు ఉన్న ఆమె మరిది 2010 దాకా ఆగాడు, ఎకరానికి వేలల్లో వచ్చింది. అదే కొండ, అదే రాయి, అదే గ్యాసు. ఆ ఇద్దరి మధ్యా మాటలు లేవు.

నెల నెలా రాయల్టీ, అంటే గ్యాసు అమ్మకంలో నేల యజమానికి వచ్చే వాటా, చెక్కు వచ్చినప్పుడు ఆవిడ నన్ను కిందికి పిలిచేది. చెక్కుతో వచ్చే చీటీలో చీమల్లాంటి అంకెలు. ఒక నెల ఆమె వాటా 412 డాలర్లు అని ఒక గడిలో ఉంటే, పక్క గడుల్లో గ్యాసు పోగుచేసినందుకు, ఒత్తిడి పెంచినందుకు, రవాణా చేసినందుకు అంటూ కోసి 281 ఇచ్చారు. “ఎనిమిదో వంతు నాదని చట్టంలో ఉంది కదమ్మా” అనేది. ఉన్న మాట నిజమే, రాయల్టీ ఎనిమిదో వంతుకు తగ్గకూడదని 1979 నాటి రాష్ట్ర చట్టం చెబుతుంది. కానీ ఆ వంతు లెక్కకట్టే ముందు బావి దాటాక అయ్యే ఖర్చులు తీసేయవచ్చని 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ సంగతి నేనే ఆమెకు చదివి చెప్పాల్సి వచ్చింది.

2011 సెప్టెంబరులో లీ తుపాను వానలకు సస్క్వెహానా పొంగింది. టొవాండా, ఆథెన్స్, సేయర్ ఊళ్లలో నది పక్క ఇళ్లు మునిగాయి. మునిగినవాళ్లకు తలదాచుకోవడానికి కౌంటీలో అద్దె ఇళ్లు లేవు, అప్పటికే అన్నీ నిండిపోయాయి. గుడారాల స్థలాల్లో, ట్రెయిలర్ బండ్లలో చలి కాలం గడిపినవాళ్లను చూశాను.

2012లో గ్యాసు ధర పడిపోయింది. బావులు తవ్వే రిగ్గులు ఒహాయోకూ, చమురున్న నార్త్ డకోటాకూ తరలిపోయాయి. మోటెల్ వరండాలో బూట్లు మాయమయ్యాయి, కొత్తగా పెట్టిన హోటళ్లలో సగం బల్లలు ఖాళీ. అద్దెలు మెల్లగా దిగాయి. మేము 2013 వసంతంలో ఇల్లు కొందామని బయలుదేరాం. ఆరు ఎకరాల స్థలం, 1940ల నాటి కర్ర ఇల్లు, బోరు నీళ్లు. మాకు నచ్చింది. అప్పుడు మా న్యాయవాది అడిగిన మొదటి మాట, “కింది హక్కులు ఎవరివి?”

నాకు ఆ ప్రశ్న అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. మాది కోనసీమ, రాజోలు వైపు పల్లె. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకున్నప్పుడు నాకు పదకొండేళ్లు. 65 రోజులు రాత్రిపూట మా డాబా మీద దీపం అవసరం లేకుండా ఆకాశం ఎర్రగా ఉండేది, కొబ్బరాకుల నీడలు గోడ మీద కదిలేవి. తరువాత మా నాన్నగారి తోటలోంచి గొట్టం వెళ్లింది. కొట్టేసిన చెట్లకు పరిహారం ఇచ్చారు. కింద ఉన్న గ్యాసు మాదేమోనన్న ఊహ ఎవరికీ రాలేదు, ఎందుకంటే మన దేశంలో అది ప్రభుత్వానిది. పెన్సిల్వేనియాలో అలా కాదు. అది నేలతోపాటు సొంతదారుదే. కానీ దాన్ని నేల నుంచి విడదీసి అమ్ముకోవచ్చు, దాచుకోవచ్చు, పిల్లలకు రాసి ఇవ్వవచ్చు. ఇల్లు మీరు కొన్నా, కింది గ్యాసు ఎప్పుడో పోయినవారి మనవళ్ల పేరున ఉండవచ్చు.

మన దగ్గర ఈసీ తీసినట్టుగా, టొవాండాలో కోర్టు భవనంలోని రికార్డుల గదిలో న్యాయవాది వందేళ్ల దస్తావేజులు తిరగేశాడు. నేనూ ఒక రోజు వెళ్లి పక్కన కూర్చున్నాను. 1921 నాటి దస్తావేజులో “ఖనిజాలన్నీ అమ్మకందారు ఉంచుకున్నాడు” అని కనిపించగానే నా గుండె జారింది. ఆయన తాపీగా, “ఖనిజాలు అని మాత్రమే రాస్తే అందులోకి చమురూ గ్యాసూ రావు. పేరు పెట్టి రాయాలి. 1882 నుంచి ఇక్కడ అదే తీర్పు, ఈ ఏప్రిల్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు మళ్లీ అదే మాట చెప్పింది” అన్నాడు. ఊపిరి పీల్చుకునేలోగా 1958 దస్తావేజు వచ్చింది. అందులో పేరు పెట్టే రాశారు: చమురు, గ్యాసులో సగం. ఆ సగం వారసులు ఎక్కడెక్కడో ఉన్నారు. మిగిలిన సగం మాకు ఇల్లు అమ్మే ఆయనది, దాన్ని తనే ఉంచుకుంటానన్నాడు. అంటే మాకు వచ్చేది గుండు సున్నా.

మా వారు ఇక వదిలేద్దామన్నారు. నా పట్టుదల వేరు. గ్యాసు సొమ్ము మాకు అక్కర్లేదు, మా పెరట్లో రిగ్గు లేవకుంటే చాలు. స్థలం అప్పటికే లీజులో ఉంది, పక్క కొండ మీది బావి దాని కింది నుంచి గ్యాసు తీస్తోంది. గ్యాసు వస్తున్నంత కాలం ఆ లీజు కొనసాగుతుంది. ఆ లీజులో మా ఆరు ఎకరాల పైన తవ్వకం, దారి, చెరువు ఏదీ వేయకూడదన్న అనుబంధం ఉందని అమ్మకందారు నోటిమాటగా చెప్పాడు. రికార్డుల గదిలో చూస్తే ఉన్నది లీజు సారాంశం ఒక్క పేజీయే. అసలు లీజు అక్కడ చాలాసార్లు దాఖలు చేయరట. మా న్యాయవాది అసలు కాగితం చూడందే సంతకం వద్దన్నాడు.

మూడు వారాలు తిరిగాం. అమ్మకందారు గుర్తులేదన్నాడు, కోపగించుకున్నాడు, కూతురిని అడగమన్నాడు. చివరికి ఆ కూతురు అటక మీద బిస్కెట్ల డబ్బాలో, పాత పాల రసీదుల కింద ఆ లీజును కనిపెట్టి తెచ్చింది. చివరి పేజీలో, టైపు చేసిన ఏడు వరుసల అనుబంధం, కింద రెండు సంతకాలు. నకలు తీసి దస్తావేజుతో జత చేయించాం. గ్యాసు హక్కు రావడం లేదు కనుక ధరలో 8,000 డాలర్లు తగ్గించారు. ఆస్తి హక్కులో లోపం బయటపడితే ఆదుకునే టైటిల్ బీమాలో చమురు, గ్యాసు హక్కులకు మినహాయింపు అని రాసి ఉంది. అది చూసి గాబరా పడితే, ఇక్కడ అది మామూలేనని న్యాయవాది సర్దిచెప్పాడు.

ఇక నీళ్లు. పెన్సిల్వేనియాలో ఇంటి బోర్లను ప్రభుత్వం నియంత్రించదు, పరీక్ష మన బాధ్యతే. 2012 నాటి చట్టం ప్రకారం గ్యాసు బావికి 2,500 అడుగుల దూరంలోపు, తవ్వకం ముగిసిన ఏడాదిలోగా నీరు చెడితే తప్పు కంపెనీదేనని ముందే భావిస్తారు. ముందు నుంచే అలా ఉందని కంపెనీ నిరూపించగలిగితే తప్పించుకోవచ్చు. అందుకే తవ్వకానికి ముందు నీరు ఎలా ఉందో చెప్పే కాగితం మన చేతిలోనూ ఉండాలి. గుర్తింపు ఉన్న ప్రయోగశాల మనిషి వచ్చాడు. శుద్ధి యంత్రానికి ముందున్న కొళాయి విప్పి, పావుగంట నీళ్లు వదిలి, సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, చీటీ అంటించి, సమయం రాసి, మంచు పెట్టెలో పెట్టాడు. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసే కాగితం మీద నా చేత కూడా సంతకం పెట్టించాడు. బేరియం, క్లోరైడ్ తక్కువే. సహజ వాయువులో ముఖ్య భాగమైన మీథేన్ లీటరుకు 3 మిల్లీగ్రాములు. ఈ ప్రాంతంలో గ్యాసు బావులు రాకముందు నుంచీ కొన్ని బోర్లలో మీథేన్ ఉంది. అది బయటికి పోయేలా బోరు మూతకు గాలి గొట్టం పెట్టించాం. అక్టోబరులో తాళాలు చేతికి వచ్చాయి.

అదే 2012 చట్టం ఇలాంటి ప్రతి గ్యాసు బావి మీద రుసుము పెట్టింది. స్థానిక సంస్థలకు వెళ్లే భాగంలో బావులున్న కౌంటీలకు 36 శాతం, బావులున్న ఊళ్లకు 37, ఆ కౌంటీల్లోని ఊళ్లన్నిటికీ కలిపి 27. కొంత సొమ్ము ఇళ్ల నిధికి వెళ్తుంది. ఆ సాయంతోనే వార్డు అమ్మాయికి 2014లో మా ఊళ్లో అద్దె ఇల్లు కుదిరింది. సామాను దించడానికి మేమూ వెళ్లాం. గ్యాసు వల్ల ఒరిగిన మేలు చెప్పమంటే నేను ముందు చెప్పేది బాగుపడిన రోడ్ల గురించి కాదు, ఆ అమ్మాయి వంటగది గురించే.

ఆ ఏడాది చివర న్యూయార్క్ రాష్ట్రం ఈ పద్ధతి తవ్వకాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. మాకు పన్నెండు మైళ్ల దూరంలోని సరిహద్దుకు అవతల అదే రాయి అలాగే ఉండిపోయింది. ఇవతల, మా పక్క కొండ మీద మరో రెండు బావులకు అనుమతి వచ్చింది. తవ్వేముందు నీళ్లు పరీక్షించడానికి కంపెనీ తరఫు మనిషి వచ్చాడు. సీసాలు నింపుకోనిచ్చి, మా 2013 ఫలితాల నకలు ఒకటి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయమన్నాను. ఆయన బండి బానెట్ మీద కాగితం పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివి, తేదీ వేసి సంతకం చేశాడు.